ఉమ్మనీటి పొర పోగులు శిశువుకు చుట్టుకున్నాయన్న అనుమానం వస్తే: ఏ పరీక్ష, ఎప్పుడు, ఎందుకు

శిశువు అవయవాలన్నిటినీ పరిశీలించే అల్ట్రాసౌండ్ అయిన టిఫా స్కాన్ నివేదికలో ‘గర్భాశయంలో పొర వంటిది కనిపిస్తోంది, ఆమ్నియాటిక్ బ్యాండ్ (ఉమ్మనీటి పొర పోగు) కావచ్చు’ అన్న ఒక్క వాక్యం చాలు, ఆ కుటుంబానికి నిద్ర కరువవుతుంది. ఆ తరువాత సాధారణంగా రెండు రకాల తొందరపాటు కనిపిస్తుంది. కొందరు వారం తిరిగేలోగా ఎంఆర్‌ఐ, ఉమ్మనీటి పరీక్ష, జన్యు పరీక్షలు అన్నీ చేయించేయాలని బయలుదేరుతారు. మరికొందరు ఆ వాక్యాన్నే తుది తీర్పుగా భావించి గర్భవిచ్ఛిత్తి గురించి అడగడం మొదలుపెడతారు. ఈ రెండింటికీ ముందు తెలుసుకోవలసింది ఒకటుంది: ఏ పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదు, ఏ ప్రశ్నకు చెప్పలేదు అన్నది. గర్భంలో ఉన్నప్పుడు చేసే పరీక్షలనూ పుట్టిన తరువాత చేసేవాటినీ పక్కపక్కన పెట్టి, ఏ పరిస్థితిలో దేన్ని ఎంచుకోవడం సమంజసమో ఇక్కడ వివరిస్తున్నాను. చివరి నిర్ణయం మాత్రం ఆ తల్లిని, ఆ స్కాన్ చిత్రాలను స్వయంగా చూసిన వైద్యులతో కలిసి తీసుకోవలసిందే.

గర్భంలో శిశువు చుట్టూ రెండు పొరలుంటాయి. లోపలిది ఆమ్నియాన్, బయటిది కోరియాన్. తొలి నెలల్లో ఇవి విడివిడిగా ఉండి, సుమారు 14 నుంచి 16 వారాల మధ్య ఒకదానికొకటి అతుక్కుంటాయి. లోపలి పొర అకాలంగా చిరిగినప్పుడు దాని పోగులు ఉమ్మనీటిలో తేలుతూ శిశువు వేళ్లకో, కాలికో, తలకో, ఒక్కోసారి బొడ్డుతాడుకో చుట్టుకుంటాయని 1965లో టార్పిన్ అనే వైద్య పరిశోధకుడు వివరించాడు. అంతకు చాలా ముందు, 1930లో, పిండశాస్త్రవేత్త స్ట్రీటర్ ఇందుకు భిన్నంగా వాదించాడు: లోపం పిండం రూపుదిద్దుకునే తొలి దశలోనే పుడుతుందనీ, పోగులు దాని ఫలితమే గాని కారణం కాదనీ ఆయన అభిప్రాయం. వేలి చుట్టూ ఉంగరంలా పడిన నొక్కు టార్పిన్ వివరణతో చక్కగా సరిపోతుంది. కానీ ఏ పోగూ చేరలేని లోపలి అవయవాల్లో కూడా అదే శిశువుకు లోపాలున్నప్పుడు ఆ వివరణ చాలదు. పరీక్షలను ఎంచుకునే వారికి కూడా ఈ చర్చ అవసరమే, ఎందుకంటే చేతి మీద నొక్కు దొరికిందని వైద్యుడు అక్కడితో ఆగిపోకుండా గుండె, మూత్రపిండాలు, వెన్నెముక కూడా ఎందుకు చూడాలో దీనివల్లే అర్థమవుతుంది.

పోగుల వల్ల శిశువుకు లోపాలు ఏర్పడే ఈ పోగుల వ్యాధి వేర్వేరు అధ్యయనాల లెక్కల్లో 1,200 జననాల్లో ఒకరి నుంచి 15,000 జననాల్లో ఒకరి వరకు కనిపిస్తుంది. లెక్కల్లో ఇంత తేడా రావడానికి పెద్ద కారణం నిర్ధారణలోని అస్పష్టతే: ఒక చోట ఈ పేరుతో నమోదైన శిశువును మరో చోట ఇంకో పేరుతో నమోదు చేస్తారు. చాలా సందర్భాల్లో ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. ఒక బిడ్డకు వస్తే తరువాతి బిడ్డకు వచ్చే అవకాశం అతి స్వల్పం. మన ప్రాంతంలో ఈ మాటను మరింత గట్టిగా చెప్పాలి. గ్రహణం వేళ తల్లి కూరగాయలు తరిగిందనీ, బట్ట కత్తిరించిందనీ, అందుకే బిడ్డకు వేళ్లు తెగాయనీ అత్తింటివారు, ఇరుగుపొరుగు వేసే నింద ఇప్పటికీ వినిపిస్తోంది. తల్లి చేసిన పని దేనివల్లా ఈ నొక్కులు పడవు. ఈ సంగతి వైద్యుడు తల్లి ఒక్కదానికే కాకుండా కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి చెప్పడం చికిత్సలో భాగమని నేను భావిస్తాను.

చూడవలసింది పోగును కాదు, గాయాన్ని

ఈ వ్యాధి నిర్ధారణలో మొదటి సూత్రం ఇదే, మిగిలిన ఎంపికలన్నీ దీని మీదే ఆధారపడతాయి. స్కాన్‌లో పోగు కనిపించినంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు. పోగు కనిపించనంత మాత్రాన వ్యాధి లేనట్టూ కాదు. పోగులు చాలా సన్నగా ఉంటాయి కనుక, అల్ట్రాసౌండ్ తరంగాలు వాటికి ఏటవాలుగా తగిలితే అవి తెరమీద కనిపించవు. అందుచేత శిశువు శరీరం మీద పోగులు వదిలిన గుర్తులే అసలు ఆధారం: అవయవం చుట్టూ నొక్కు, దానికి అవతలి భాగంలో వాపు, వేలి కొసలు లేకపోవడం, కొసల వద్ద వేళ్లు ఒకదానికొకటి అతుక్కోవడం, పిండంలో ముఖ భాగాలు సహజంగా కలిసే రేఖలను పట్టించుకోకుండా ఎలాగంటే అలా పోయే చీలిక, తలలో ఒక పక్కకు మాత్రమే పడిన లోపం. ఇవన్నీ అసమానంగా ఉంటాయి. కుడి చేతికి రెండు వేళ్లు, ఎడమ పాదానికి ఒక నొక్కు అన్న తీరు పోగులను సూచిస్తుంది. రెండు చేతులకూ ఒకే వేలు ఒకే విధంగా లోపించడం జన్యు కారణాన్ని వెతకమని చెబుతుంది.

పుట్టిన శిశువులకు 1961లో ప్యాటర్సన్ రూపొందించిన వర్గీకరణను నేటికీ వాడుతున్నారు. కేవలం నొక్కు మాత్రమే ఉండటం, నొక్కుతో పాటు అవతలి భాగం వికృతి చెందడం లేదా వాచడం, నొక్కుతో పాటు వేలి కొసలు అతుక్కోవడం, గర్భంలోనే అవయవం తెగిపోవడం అన్నవి ఆ నాలుగు రకాలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నిర్ధారణకు సరిపోతుంది.

పొర కనిపించింది, శిశువు మామూలుగానే ఉంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి ఇదే, అనవసరంగా ఎక్కువ భయపెట్టేదీ ఇదే. గర్భాశయంలో పొర వంటిది కనిపించడానికి హానిలేని కారణాలు అనేకం ఉన్నాయి. గతంలో క్యూరెట్ (గర్భాశయాన్ని లోపలి నుంచి గీకి శుభ్రం చేయడం) చేయించుకున్నవారిలో, గర్భాశయానికి ఇన్‌ఫెక్షన్ వచ్చినవారిలో లోపలి గోడలు కొన్నిచోట్ల అతుక్కుని పట్టీలా ఏర్పడతాయి. పెరుగుతున్న ఉమ్మనీటి సంచి ఆ పట్టీ మీదుగా మడతపడినప్పుడు అది స్కాన్‌లో అడ్డుతెరలా కనిపిస్తుంది. దీన్ని ఆమ్నియాటిక్ షీట్ అంటారు. రెండు వైపులా రెండేసి పొరలు కలిసినది కనుక ఇది పోగుకన్నా మందంగా ఉంటుంది, గర్భాశయ గోడ దగ్గర వెడల్పుగా మొదలవుతుంది, రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ అయిన డాప్లర్ పెడితే ఒక్కోసారి అందులో రక్తప్రసరణ కూడా తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది శిశువుకు అంటుకోదు. శిశువు దాని రెండు వైపులకూ స్వేచ్ఛగా కదులుతుంది. పుట్టుకతోనే గర్భాశయంలో ఉన్న అడ్డుగోడ, అంచు మడతపడిన మాయ, కవలల్లో ఒకరు తొలి దశలోనే అంతరించగా మిగిలిన సంచి, పొరల వెనుక చేరిన రక్తం కూడా ఇలాగే మోసగించగలవు. 16 వారాలకు ముందు చేసిన స్కాన్‌లో తేలుతూ కనిపించే సన్నని గీత చాలావరకు ఇంకా అతుక్కోని ఆమ్నియాన్ పొరే, అంటే పూర్తిగా సహజమైనదే.

ఈ పరిస్థితిలో ఎంఆర్‌ఐ కన్నా, సూదితో ఉమ్మనీరు తీయడం కన్నా, గర్భస్థ శిశు వైద్య నిపుణుల చేత సావకాశంగా చేయించిన మరొక అల్ట్రాసౌండ్ ఎంతో ఎక్కువ పని చేస్తుంది. పరీక్షించే వ్యక్తి అనుభవం ఇక్కడ యంత్రం ఖరీదుకన్నా విలువైనది. ఆ స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాత నివేదికలతో పాటు గతంలో జరిగిన క్యూరెట్, శస్త్రచికిత్స, గర్భస్రావాల వివరాలు చెప్పాలి. ‘పొర ఉందా’ అని అడగడం కన్నా ‘ఆ పొర శిశువుకు ఎక్కడైనా అంటుకుందా, శిశువు దాని నుంచి విడివడి కదులుతోందా, వేళ్లన్నీ లెక్కకు వచ్చాయా’ అని అడగడం మేలు. ఈ మూడింటికీ సంతృప్తికరమైన సమాధానం వచ్చినప్పుడు నాలుగు వారాల తరువాత మరోసారి చూడటం సాధారణంగా చాలు.

ఎన్‌టీ స్కాన్, టిఫా స్కాన్

11 నుంచి 14 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్‌ను చాలామంది మెడ వెనుక ద్రవాన్ని కొలిచే పరీక్షగానే చూస్తారు. పోగుల విషయంలో దానికి ఇంకొక ప్రయోజనం ఉంది. తీవ్రమైన రూపాలు, అంటే కపాలం సరిగా ఏర్పడకపోవడం, పొట్ట గోడ తెరుచుకుని లోపలి అవయవాలు బయటకు రావడం, బొడ్డుతాడు అతి పొట్టిగా ఉండి శిశువు మాయకు అంటిపెట్టుకున్నట్టు ఉండటం వంటివి అప్పుడే బయటపడతాయి. ఈ చివరి రూపాన్ని బాడీ స్టాక్ అనామలీ అంటారు. అలాంటి శిశువు బతకదు కనుక అది ఎంత త్వరగా తెలిస్తే తల్లికి అంత శారీరక, మానసిక కష్టం తగ్గుతుంది. ఆ వారాల్లో శిశువు చేతులు తరచుగా విప్పి ఉంటాయి, తరువాత పిడికిళ్లు ముడుచుకుంటాయి; అందుచేత వేళ్లను లెక్కపెట్టడానికి కూడా ఇది మంచి సమయమే. స్కాన్ పొట్టమీద నుంచి స్పష్టంగా రానప్పుడు యోని మార్గంలో చేయవచ్చు, దానివల్ల గర్భానికి హాని లేదు.

అయితే నొక్కులు, వాపు వంటి మార్పులు కాలక్రమంలో పెరుగుతాయి కనుక 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌కు ప్రత్యామ్నాయం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో ప్రభుత్వ ఆసుపత్రుల్లో టిఫా యంత్రాలను ప్రారంభించడంతో, ఖర్చుకు వెనుకాడే కుటుంబాలకు ఈ స్కాన్ కొంత దగ్గరైంది. రెండింటిలో ఒకటే చేయించుకోగలిగిన పరిస్థితి వస్తే, పోగుల దృష్టితో మాత్రమే చూసినప్పుడు, నేను టిఫానే ఎంచుకోమంటాను. కానీ టిఫా మామూలుగా ఉందంటే వేలి చుట్టూ సన్నని నొక్కు కూడా లేదని హామీ ఇచ్చినట్టు కాదు. వేలి కొసకే పరిమితమైన లోపం నిపుణుల కంటికి కూడా చిక్కకపోవచ్చు. ఇలాంటి శిశువుల్లో చాలామంది సంగతి పుట్టిన తరువాతే తెలుస్తుంది. బిడ్డ పుట్టాక స్కాన్ చేసినవారి నిర్లక్ష్యమని వెంటనే నిర్ణయానికి రావడం అన్నివేళలా న్యాయం కాదు.

2డీ, 3డీ, డాప్లర్, ఎంఆర్‌ఐ

నొక్కు లేదా వేళ్ల లోపం నిజంగానే కనిపించిన తరువాత ఈ నాలుగింటి పోలిక అవసరమవుతుంది.

2డీ అల్ట్రాసౌండ్ పునాది. పోగును, దాని కదలికను, శిశువు కదలికను ఒకే సమయంలో చూపగలిగేది ఇదే. 3డీ దాని నుంచే తయారైన చిత్రం కనుక 2డీలో లేనిది 3డీలో కొత్తగా పుట్టదు. శిశువు ముందు సరిపడా ఉమ్మనీరు లేకపోతే 3డీ చిత్రమే రాదు. ముఖం మీద చీలిక ఎంత లోతుకు పోయింది, చేతిలో ఎన్ని వేళ్లు మిగిలాయి అన్నవి ప్లాస్టిక్ సర్జన్‌కూ తల్లిదండ్రులకూ చూపడానికి మాత్రం 3డీ ఎంతో ఉపకరిస్తుంది. బొడ్డుతాడు చుట్ట అవయవం మీద పడినప్పుడు, గర్భాశయ గోడ నీడ అడ్డు వచ్చినప్పుడు 3డీలో లేని నొక్కు ఉన్నట్టూ, ఉన్న చెయ్యి తెగినట్టూ కనిపించగలదు. కాబట్టి 3డీ బొమ్మ ఒక్కదాన్ని ఆధారం చేసుకుని ఏ నిర్ణయమూ తీసుకోరాదు.

చేతికో కాలికో నొక్కు పడినప్పుడు అన్నిటికంటే కీలకమైన పరీక్ష డాప్లర్, కానీ నివేదికల్లో అన్నిటికంటే తరచుగా లోపించేది కూడా అదే. వేలికి దారం బిగించి కడితే మొదట రక్తం వెనక్కు రాలేక అవతలి భాగం ఉబ్బినట్టు, ఆపై లోపలికి పోయే రక్తం కూడా తగ్గి భాగం చచ్చుబడినట్టు, పోగు బిగుసుకున్న అవయవంలో కూడా ఇదే క్రమం నడుస్తుంది. నొక్కుకు అవతల ధమనిలో ప్రవాహం ఎలా ఉంది, రెండో వైపున్న అదే అవయవంతో పోలిస్తే తేడా ఎంత అన్నది డాప్లర్ చెబుతుంది. 2009లో హ్యూస్లర్ బృందం ప్రతిపాదించిన దశల విభజన కూడా దీన్నే ఆధారం చేసుకుంది: పోగు ఉన్నా నొక్కు లేకపోవడం మొదటి దశ, నొక్కు ఉండి ధమనీ ప్రవాహం చెడకపోవడం రెండో దశ, ఇందులో వాపు స్వల్పమా తీవ్రమా అన్న ఉపవిభాగాలున్నాయి, ప్రవాహం తగ్గడం లేదా ఆగిపోవడం మూడో దశ, నొక్కు వద్ద ఎముక వంగడం, విరగడం నాలుగో దశ, అవయవం తెగిపోవడం ఐదో దశ. మొదటి స్కాన్‌లో ఏ దశలో ఉందన్నది ఎంత ముఖ్యమో, రెండు వారాల తరువాత దశ మారిందా అన్నది అంతే ముఖ్యం. కాబట్టి నొక్కు కనిపించిన శిశువుకు ఒకసారి విస్తృతమైన స్కాన్ చేయించి ఊరుకోవడం కన్నా, ఒకటి రెండు వారాలకొకసారి డాప్లర్‌తో అనుసరించి చూడటం సరైన ఎంపిక. పోగు బొడ్డుతాడుకు చుట్టుకున్న అనుమానం ఉంటే ఈ పర్యవేక్షణ మరింత దగ్గరగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ప్రమాదం ఒక అవయవానిది కాదు, ప్రాణానిది.

ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదు, చిత్రం స్పష్టత కోసం ఎక్కించే కాంట్రాస్ట్ మందును గర్భిణికి ఇవ్వరు, కాబట్టి భద్రత విషయంలో భయపడనక్కరలేదు. పోగులను చూపడంలో మాత్రం అది అల్ట్రాసౌండ్‌ను మించదు; శిశువు కదిలితే చిత్రం మసకబారుతుంది, సన్నని పొరలు జారిపోతాయి, 20 వారాలకు ముందు శిశువు చాలా చిన్నదిగా ఉండటం వల్ల ప్రయోజనం పరిమితం. మరి ఎంఆర్‌ఐని ఎప్పుడు ఎంచుకోవాలి? తలలో లేదా ముఖంలో లోపం ఉండి మెదడు ఎంతవరకు దెబ్బతిన్నదో తెలియవలసినప్పుడు, వెన్నెముక గురించి సందేహం మిగిలినప్పుడు, ఉమ్మనీరు బాగా తగ్గిపోయి అల్ట్రాసౌండ్ చిత్రం రానప్పుడు, లేదా తల్లి శరీర బరువు వల్ల స్పష్టత తగ్గినప్పుడు. చేతివేలికి నొక్కు ఉందన్న ఒక్క కారణంతో ఎంఆర్‌ఐ చేయించమని ఎవరైనా చెబితే, ‘ఫలితం ఎలా వచ్చినా మన తదుపరి నిర్ణయం మారుతుందా’ అని మర్యాదగానే అడగండి.

ఉమ్మనీటి పరీక్ష చేయించాలా, వద్దా

15 వారాల తరువాత సూదితో ఉమ్మనీరు తీసి క్రోమోజోములను, జన్యువులను పరీక్షించవచ్చు. దీనివల్ల గర్భస్రావమయ్యే ప్రమాదం అనుభవజ్ఞుల చేతుల్లో వెయ్యి మందికి ఒకరి నుంచి ఐదుగురి వరకు ఉంటుంది. ఒక చేతికి మాత్రమే నొక్కు పడి, పోగు స్పష్టంగా కనిపిస్తూ, మిగిలిన శరీరమంతా మామూలుగా ఉన్న శిశువుకు ఈ పరీక్ష వల్ల ఒనగూడేది చాలా తక్కువ. పైగా సూది పోటు వల్ల ఆమ్నియాన్ పొర కోరియాన్ నుంచి కొంత విడిపోవచ్చు. తరువాతి స్కాన్‌లో అది కొత్త పొరలా కనిపించి మళ్లీ అయోమయం మొదలవుతుంది.

చిత్రం ఇంత స్పష్టంగా లేనప్పుడు మాత్రం లెక్క మారుతుంది. తల లోపాలను ఉదాహరణగా తీసుకుంటే, పోగుల వల్ల ఏర్పడిన తల లోపం ఒక పక్కకు, అడ్డదిడ్డంగా ఉంటుంది. నాడీ నాళం మూసుకోకపోవడం వల్ల ఏర్పడినది సాధారణంగా మధ్య రేఖలో ఉంటుంది. మొదటిదైతే తరువాతి గర్భంలో పునరావృతమయ్యే అవకాశం లేనట్టే. రెండోదైతే నూటికి రెండు నుంచి ఐదు వరకు అవకాశం ఉంటుంది, తరువాతి గర్భం దాల్చడానికి ముందునుంచే అధిక మోతాదు ఫోలిక్ యాసిడ్ వాడాలి. స్కాన్ గదిలో రెండింటినీ ఒకటిగా రాసేస్తే, ఆ తప్పు ఈ గర్భంతో ముగియదు.

మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న తెలుగు నేలమీద మరో జాగ్రత్త అవసరం. పోగుల వ్యాధికీ మేనరికానికీ సంబంధం లేదు. కానీ పోగులను పోలిన గుర్తులతో కనిపించే కొన్ని జన్యు వ్యాధులు రక్తసంబంధమున్న దంపతుల పిల్లల్లో ఎక్కువగా వస్తాయి. ఆడమ్స్ ఆలివర్ సిండ్రోమ్ అటువంటిది: నడినెత్తిన చర్మం ఏర్పడకపోవడం, వేలి కొసలు లేకపోవడం రెండూ కలిసి కనిపిస్తాయి, గుండె లోపాలు కూడా ఉండవచ్చు. ఇది కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి నేరుగానూ, కొన్నింటిలో ఇద్దరి నుంచీ కలిసీ సంక్రమిస్తుంది. కాబట్టి లోపాలు రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడు, లోపలి అవయవాల్లో కూడా తేడా ఉన్నప్పుడు, కుటుంబంలో ఇంతకు ముందు ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు, లేదా దంపతులది మేనరికమై నిర్ధారణ సందిగ్ధంగా ఉన్నప్పుడు ఉమ్మనీటి పరీక్షను, దానితో పాటు జన్యు సలహాను ఎంచుకోవడం ఉచితం. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. అక్కడికి వెళ్లే ముందు స్కాన్ చిత్రాల అసలు ప్రతులు దగ్గరుంచుకోవాలి. గర్భం తొలి వారాల్లో గర్భవిచ్ఛిత్తికి మిసోప్రోస్టాల్ మాత్రలు వాడినా గర్భం పోకుండా కొనసాగిన సందర్భాల్లో కూడా అవయవాల కొసలు లోపించడం నమోదైంది. వైద్యుడు ఈ సంగతి అడిగినప్పుడు దాచకుండా చెప్పడం బిడ్డకే మేలు.

తెలిసిన తరువాత ఉండే దారులు

గర్భంలోనే ఫీటోస్కోప్‌తో (గర్భాశయంలోకి పంపే సన్నని కెమెరా గొట్టంతో) పోగును తెంపే శస్త్రచికిత్సను 1997లో క్వింటెరో బృందం మొదటిసారి ప్రచురించింది. ఇది అందరికీ తగినది కాదు. రక్తప్రసరణ తగ్గుతూ ఉండి ఇంకా పూర్తిగా ఆగిపోని చేయి లేదా కాలు ఉన్నప్పుడు, లేదా పోగు బొడ్డుతాడును బిగిస్తున్నప్పుడు మాత్రమే దీని గురించి ఆలోచిస్తారు, ఎందుకంటే శస్త్రచికిత్స తరువాత ఉమ్మనీరు ముందే పోయి నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం గణనీయంగా ఉంది. వేలికి మాత్రమే పరిమితమైన నొక్కు కోసం ఇంత ప్రమాదం కొనితెచ్చుకోకూడదు. అప్పటికే తెగిపోయిన అవయవాన్ని ఇది తిరిగి ఇవ్వలేదు.

గర్భవిచ్ఛిత్తి విషయంలో 2021లో సవరించిన చట్టం ప్రకారం, తీవ్రమైన శిశు లోపం ఉందని ప్రభుత్వం నియమించిన వైద్య మండలి నిర్ధారించినప్పుడు 24 వారాల పరిమితి వర్తించదు. అందుచేత గడువు దాటుతుందన్న కంగారుతో సగం పరీక్షల మీదే నిర్ణయం తీసుకోవలసిన అవసరం లేదు. చేతులకో కాళ్లకో మాత్రమే నొక్కులున్న శిశువుకు తెలివితేటలు మామూలుగానే ఉంటాయి, ఆయుర్దాయం తగ్గదు; ఈ మాట ఆ తల్లిదండ్రులకు నిర్ణయానికి ముందే, స్పష్టంగా, ఒకటికి రెండుసార్లు చేరాలి. తల తీవ్రంగా దెబ్బతిన్న శిశువు పరిస్థితి వేరు. రెండింటికీ పేరు ఒకటే అయినంత మాత్రాన భవిష్యత్తు ఒకటి కాదు.

పుట్టిన బిడ్డలో

ఇక్కడ మొదటి పరీక్షకు యంత్రం అక్కరలేదు: బట్టలన్నీ విప్పి, మంచి వెలుతురులో, తల నుంచి కాలి వేళ్ల దాకా కళ్లతో, చేతులతో చూడటమే. నొక్కు అవయవం చుట్టూ పూర్తిగా ఉందా, ఎంత లోతు, అవతలి భాగం రంగు, వేడి, వాపు ఎలా ఉన్నాయి, గోటిని నొక్కి వదిలితే ఎంతసేపటికి రంగు తిరిగి వస్తోంది అన్నవి చూడాలి. పై చేతికి లోతైన నొక్కు ఉంటే మణికట్టు వాలిపోయిందేమో గమనించాలి, అది నరం నలిగిందనడానికి గుర్తు. అవతలి భాగం నీలంగా మారుతున్నా, చల్లబడినా, గంటగంటకూ వాపు పెరుగుతున్నా ఇక పరీక్షల కోసం ఆగకూడదు. అది వెంటనే శస్త్రచికిత్స అవసరమైన స్థితి. అటువంటి బిడ్డను పుట్టిన రోజే పిల్లల సర్జన్ లేదా ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి తరలించాలి. అదే నొక్కు పైపైన ఉండి ప్రసరణ బాగుంటే తొందరలేదు. కొన్ని లోతులేని నొక్కులకు చికిత్సే అవసరం రాదు.

చేతితో నాడి అందనప్పుడు చిన్న డాప్లర్ పరికరం సరిపోతుంది. ఎక్స్‌రే దాదాపు ప్రతి బిడ్డకూ అవసరమే, ఎందుకంటే నొక్కు కింద ఎముక వంగిందా, అతకకుండా ఉందా, కొసల వద్ద కలిసిన వేళ్లలో ఎముకలు కూడా కలిశాయా అన్నది చర్మం మీద నుంచి తెలియదు. యాంజియోగ్రామ్, ఎంఆర్‌ఐ వంటివి సర్జన్ ప్రత్యేకంగా కోరితే తప్ప చేయించనక్కరలేదు. వంకర పాదం ఈ బిడ్డల్లో తరచుగా కలిసి ఉంటుంది కనుక దాన్నీ మొదటి రోజే చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) కార్యక్రమం పుట్టుక లోపాలను కాన్పు చోటే గుర్తించి పై చికిత్సకు పంపడానికి ఉద్దేశించినదే.

పోలిన వ్యాధులను వేరు చేయడంలో కొన్ని చిన్న గుర్తులు పెద్ద పరీక్షలకన్నా మేలు చేస్తాయి. పోగుల వల్ల కలిసిన వేళ్లు కొసల దగ్గర అతుక్కుని, అరచేతి వైపు మొదళ్ల వద్ద మాత్రం సన్నని సందు మిగిలి ఉంటుంది. సన్నని పుల్ల వంటి ప్రోబ్ ఆ సందులోంచి దూరుతుంది. మామూలుగా పుట్టుకతో కలిసిన వేళ్లు మొదళ్ల నుంచే కలిసి ఉంటాయి. తెగిన వేలి స్థానంలో గోటి జాడతో చిన్న బుడిపెలు ఒకే చేతికి వరుసగా ఉంటే అది చేయి ఎదగకపోవడం వల్ల కలిగిన మరో లోపం కావచ్చు. నడినెత్తిన చర్మం లేకుండా వేలి కొసలు కూడా లేకపోతే గుండెకు ఎకో చేయించాలి, తల్లిదండ్రుల పాదాల వేళ్లనూ మాడునూ చూడాలి. వారిలో ఒకరికి కాలి వేలి కొస పొట్టిగా ఉండటం ఒక్కోసారి మొత్తం నిర్ధారణనే మార్చేస్తుంది. పుట్టినప్పుడు బాగుండి, కొన్ని వారాల తరువాత వేలు ఎర్రబడి ఉబ్బి నొక్కు పడితే అది పోగుల వ్యాధి కాదు: తల్లి తల వెంట్రుకో, సాక్సులోని దారమో వేలికి చుట్టుకుని ఉండవచ్చు. భూతద్దంతో చూసి అప్పటికప్పుడు తొలగించవలసిన అత్యవసరం అది.

మాయ విషయంలో మన ఆసుపత్రుల అలవాటు మారాలని బలంగా కోరుకుంటున్నాను. కాన్పు తరువాత మాయను వెంటనే పారవేస్తారు. పోగుల వ్యాధికి నేరుగా దొరికే భౌతిక సాక్ష్యం చాలావరకు దానిలోనే ఉంటుంది. మాయ లోపలి వైపు ఆమ్నియాన్ పొర లేకుండా కోరియాన్ బయటపడి ఉండటం, బొడ్డుతాడు మొదలు వద్ద పొర పోగులు వేలాడటం పాథాలజీ నిపుణుల కంటికి తెలుస్తాయి. అయ్యే ఖర్చు ఎంఆర్‌ఐ ఖర్చులో చిన్న వంతు కూడా కాదు. గర్భంలో అనుమానం వచ్చిన ప్రతి తల్లీ కాన్పుకు చేరేటప్పుడే ‘మాయను, బొడ్డుతాడును పరీక్షకు పంపండి’ అని కేస్ షీట్‌లో రాయించుకోవాలి. బిడ్డ దక్కని సందర్భంలో ఇది మరింత అవసరం. శవపరీక్షకు మనసొప్పని తల్లిదండ్రులు కూడా మాయ పరీక్షకు, బాహ్య పరిశీలనకు, ఫొటోలకు, ఒక ఎక్స్‌రేకు అంగీకరించగలుగుతారు, చాలాసార్లు వాటితోనే నిర్ధారణ కుదురుతుంది.

ఆ నివేదికలన్నీ ఒక ఫైలులో భద్రపరిస్తే తరువాతి గర్భంలో చేయవలసింది తేలికగా తేలుతుంది. నిర్ధారణ పోగుల వ్యాధేనని స్థిరపడితే ఉమ్మనీటి పరీక్ష గాని, ప్రత్యేకమైన మందు గాని అవసరం లేదు. అందరిలాగే సకాలంలో ఎన్‌టీ, టిఫా స్కాన్లు చేయించుకుని, చేతులు, పాదాలు కాస్త ఎక్కువ సేపు చూడమని స్కాన్ చేసే వైద్యులను కోరితే సరిపోతుంది. సందేహం మిగిలి ఉంటే మాత్రం మళ్లీ గర్భం దాల్చకముందే ఆ ఫైలుతో జన్యు నిపుణులను కలవాలి.